దుబాసీ ముందు గుసగుసలు

పొద్దున ఎనిమిది కాకముందే పంతులమ్మ చీర మార్చుకుని, సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. బడి మానేసి చాన్నాళ్ళయినా వీధిలో అందరికీ ఆవిడ పంతులమ్మే. ఎవరు తప్పు మాట్లాడినా దిద్దకుండా ఉండలేదు. మొగుడితో సహా ఎవరి వాక్యాన్నీ చివరిదాకా పోనివ్వదు.

ఆవిడకు ఒక్కగానొక్క కూతురు. పుట్టుకతోనే వినపడదు. బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. అల్లుడిది ప్రింటింగ్ ప్రెస్సులో పని, అతనికీ వినపడదు. ఇద్దరూ మేడమీది వాటాలో కాపురం ఉంటున్నారు. కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆసుపత్రి అంటే ఇన్నాళ్ళూ ఒకటే పద్ధతి. డాక్టరమ్మ పంతులమ్మతో మాట్లాడుతుంది, పంతులమ్మ కూతురికి సైగ చేస్తుంది, కూతురు తలూపుతుంది. ఆ సైగలు ఆ ఇంట్లో పుట్టినవి, గడప దాటితే ఎవరికీ తెలియవు. తిను, పడుకో, రా, వద్దు, మందు వేసుకో, మంచిది. కూతురు పెద్దయ్యాక స్నేహితులతోనూ మొగుడితోనూ మాట్లాడే అసలైన సైగల భాష వేరు. నేర్చుకోమని కూతురు ఒకటి రెండు సార్లు బతిమాలింది. "నేను కన్నపిల్లతో మాట్లాడటానికి నాకు ట్యూషనా?" అని పంతులమ్మ కొట్టిపారేసింది.

ఫోను మోగింది. మేడమీద నుంచి కూతురు పంపిన సందేశం. అది చదివిన పంతులమ్మ ముఖం మాడిపోయింది.

"చూశారా? ఇవాళ ఎవర్నో పిలిచిందట. డాక్టరమ్మ మాటల్ని దానికి సైగల్లో చెప్పే మనిషట!"

"దుబాసీ అన్నమాట," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. "పూర్వం రాజులకుండేవాళ్ళు. మన పిల్లకి యోగం పట్టింది."

"మీకు వేళాకోళంగా ఉంది. ఆడపిల్ల ఒంటి సంగతులు పరాయిమనిషి ముందు ఎలా మాట్లాడుకుంటాం?"

"నీ ముందు మాట్లాడుకోలేకపోతోందేమో."

"నాతో మాట్లాడేదేముంది? నాకన్నీ తెలుసు."

"నేనన్నదీ అదే," అని ఆయన పేజీ తిప్పాడు.

పంతులమ్మ కంగారుకి ఇంకో కారణం ఉంది. అది మొగుడికి కూడా చెప్పలేదు. కిందటి నెల డాక్టరమ్మ, "బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఆపరేషనే అయితే దాంతోపాటే ట్యూబులు కూడా ముడేసేద్దామా? ఇద్దరికీ వినపడదు, ఒక బిడ్డ చాలు కదా? అమ్మాయిని అడగండి," అంది. పంతులమ్మ కూతురి వైపు తిరిగి, పొట్టమీద వేలితో గీత గీసి చూపించి, బొటనవేలు పైకెత్తింది. ఆపరేషన్, మంచిది. కూతురు తలూపింది. "సరేనంటోందండీ," అని పంతులమ్మ డాక్టరమ్మకు చెప్పింది. కూతురు దేనికి తలూపిందో పంతులమ్మకు తెలుసు. అది కాన్పు గురించి. రెండోదానికి తన దగ్గర సైగ లేదని మనసుకు సర్దిచెప్పుకుంది. ఉన్నా వాడేది కాదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర దుబాసీ కనిపించింది. చిన్న వయసు, నల్లటి చొక్కా, జుట్టు బిగించి కట్టుకుంది. ఆమెను చూడగానే కూతురి చేతులు గలగలా మాట్లాడాయి. ఇద్దరూ ఏదో చెప్పుకుని పకపకా నవ్వారు. అంత నవ్వే మాట ఏమై ఉంటుందో పంతులమ్మకు అంతుపట్టలేదు.

లోపల డాక్టరమ్మ అలవాటుగా పంతులమ్మ వైపు తిరిగి, "అమ్మాయికి కాళ్ళు వాస్తున్నాయా?" అంది. దుబాసీ చేతులు కదిలాయి. కూతురు చేతులతో బదులిచ్చింది. దుబాసీ దాన్ని నోటితో చెప్పింది.

"సాయంత్రానికి కొంచెం వాస్తున్నాయండీ, మిషను మీద ఎక్కువసేపు కూర్చున్న రోజున. అయినా మా అమ్మనెందుకు అడుగుతున్నారు డాక్టరుగారూ? కాళ్ళు నావి."

డాక్టరమ్మ ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, కుర్చీ కూతురి వైపు తిప్పుకుంది. తన కూతురికి వెటకారం వచ్చని పంతులమ్మకు తెలియడం అదే మొదలు. అచ్చం తండ్రి పోలిక.

ఆ తర్వాత ప్రశ్నలు వరసకట్టాయి. కాన్పు గదిలో అందరూ మాస్కులు పెట్టుకుంటే ఎవరేమంటున్నారో నాకెలా తెలుస్తుంది? దుబాసీని లోపలికి రానిస్తారా? ఈ నెలల్లో మేమిద్దరం దగ్గరగా ఉండొచ్చా? ఈ చివరి ప్రశ్నకు పంతులమ్మ గోడమీది క్యాలెండర్లో తేదీలు చదవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ మాత్రం అన్నిటికీ నెమ్మదిగా, నదురూ బెదురూ లేకుండా చెప్పింది. ఇన్ని ప్రశ్నలు ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో అనుకుంది పంతులమ్మ. ఎక్కడో ఎందుకు, తన పక్కనే కూర్చుని దాచుకుంది.

"బిడ్డ ఇంకా ఎదురుకాళ్ళతోనే ఉందమ్మా. ఆపరేషన్ తప్పకపోవచ్చు," అంది డాక్టరమ్మ. "మనం అనుకున్నట్టు అప్పుడే ట్యూబులు కూడా..."

పంతులమ్మ చటుక్కున ముందుకు వంగి గొంతు తగ్గించింది. "డాక్టరుగారూ, ఆ సంగతి తర్వాత మనిద్దరం మాట్లాడుకుందాం. దానికి ఇప్పుడు చెప్పకండి."

దుబాసీ చేతులు ఆ మాటను కూడా మోశాయి.

"అయ్యో, అది నీతో కాదమ్మాయ్! డాక్టరుగారితో అన్నాను."

చేతులు అదీ చెప్పాయి.

"ఆపు! ఆపమంటుంటే!"

చేతులు ఆగలేదు. ఆపు, ఆపమంటుంటే అన్నాయి.

"ఈ గదిలో ఎవరేమన్నా ఆవిడకు చేరాలండీ. అందుకే నన్ను పిలుచుకున్నారు," అంది దుబాసీ మామూలుగా. ఆ మాటను కూడా చేతులతో చెప్పడం మరిచిపోలేదు.

కూతురు తల్లి వైపు చూడలేదు. ట్యూబులంటే ఏమిటని డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ముడేస్తే ఇక పిల్లలు పుట్టరని చెప్పింది. "నువ్వు సరేనన్నావని మీ అమ్మగారు చెప్పారు. నేనొక కాగితం మీద రాసి నిన్నే అడిగుంటే సరిపోయేది. నాకు తట్టలేదు. తప్పు నాదీ ఉంది."

అప్పుడు కూతురు తల్లి వైపు తిరిగింది. చేతులు గట్టిగా కదిలాయి. దుబాసీ గొంతు మాత్రం పెరగలేదు.

"అమ్మా, నేనెప్పుడు సరేనన్నాను?"

పంతులమ్మ కుర్చీ కూతురి దగ్గరికి జరుపుకుంది. "నీ మంచికేనే. ఇద్దరికీ వినపడదు. పసిపిల్ల ఏడిస్తే ఎవరు లేస్తారు? ఒక్కర్ని సాకడమే కష్టం. రేపు నేను పోతే ఎవరు చూస్తారు మిమ్మల్ని?"

"నాకు జ్వరం వచ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేని రోజుల్లో నీకెలా తెలిసేది? చెయ్యేసి చూసేదానివి. నేనూ చెయ్యేసి చూస్తాను. బిడ్డ ఏడిస్తే వెలిగే లైటు కూడా కొన్నాం. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వెప్పుడూ అడగలేదు. ఒక్కరు చాలో, ఇద్దరు కావాలో మేం చెప్పుకుంటాం. నువ్వు నా బదులు సరేనన్నావు చూడు, అది మాత్రం నేను మరిచిపోలేను."

కూతురు ఇంత పెద్ద మాటను తనతో అనడం పంతులమ్మ ఎన్నడూ వినలేదు. అందులో దిద్దడానికి ఒక్క తప్పూ లేదు. ముడేసే సంగతి కొట్టేశానని, మళ్ళీ నువ్వడిగితే తప్ప ఆ ఊసెత్తనని డాక్టరమ్మ కూతురితో చెప్పింది.

బస్సులో కూతురు కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. పంతులమ్మ రెండుసార్లు భుజం తట్టింది, కళ్ళు తెరుచుకోలేదు. కళ్ళు మూసుకుంటే ఆ పిల్లతో ఎవరూ మాట్లాడలేరు. సగం ఎత్తిన చేతుల్ని పంతులమ్మ ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక మొగుడికి అంతా చెప్పింది. ఆయన వేళాకోళం ఆడతాడనుకుంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అది మన కూతురే గాని, ఒళ్ళు దానిది," అన్నాడు. "వెళ్ళి అడుగు."

"ఏమని అడగను?"

"ఏం కావాలో అడుగు."

మెట్లెక్కుతూ పంతులమ్మ ఆ సైగ కోసం వెతుక్కుంది. దొరకలేదు. తిను ఉంది, వద్దు ఉంది, పడుకో ఉంది. 'నీకేం కావాలి' అనే మాటకు ఇంట్లో సైగే పుట్టలేదు. ఇన్నేళ్ళలో అవసరం పడలేదు మరి. అది తోచగానే మెట్ల మధ్యలో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎక్కింది.

కూతురు మిషను దగ్గర జాకెట్టుకి చేతులు అతుకుతోంది. పంతులమ్మ భుజం తట్టలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కుట్టు పూర్తయ్యాక కూతురు తలెత్తింది. పంతులమ్మ ఆమె వైపు వేలు చూపించి, అరచెయ్యి వెల్లకిలా తెరిచి, కనుబొమలెత్తి ఆగింది.

కూతురు కాసేపు ఆ అరచెయ్యి వంకే చూసింది. తర్వాత చేతులతో గబగబా ఏదో చెప్పింది. పంతులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మామూలుగా అయితే అర్థమైనట్టు నటించి, తనకు తోచింది చేసేది. ఇప్పుడు తల అడ్డంగా ఊపింది. కూతురు నెమ్మదిగా, ఇంటి సైగల్లోకి విడగొట్టి మళ్ళీ చెప్పింది. ఆసుపత్రికి నువ్వు రా. బయట కూర్చో.

పంతులమ్మకు మళ్ళీ కళ్ళనీళ్ళు జారాయి. అయినా తలూపింది. కూతురు చెయ్యి చాపి, తల్లి చెంప మీది తడి తుడిచింది.

తర్వాతి నెల ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పంతులమ్మ కూర్చుంది. కూతురు, అల్లుడు, దుబాసీ లోపలికి వెళ్ళారు. నర్సు తలుపు సందులోంచి తొంగిచూసింది. "మీరూ రండమ్మా, ఆ అమ్మాయికి వినపడదు కదా!"

"తను పిలిస్తే వస్తాను," అంది పంతులమ్మ.

తలుపు మూసుకుంది. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో బయటికి తెలియడం లేదు. కాసేపటికి డాక్టరమ్మ పెద్దగా నవ్వడం వినపడింది. పిల్ల ఏదో చురక వేసి ఉంటుంది. అదేమిటో తెలుసుకోవాలని పంతులమ్మ ప్రాణం లాగింది. బయటికొచ్చాక అడగాలనుకుంది. చెప్తే వింటుంది. చెప్పకపోతే, అది ఆ పిల్ల ఇష్టం.