కోతపండుగ వేలం

…అసలు తను నోరు మెదపకపోతే ఏమవుతుంది? కోడి చవగ్గా పోతుంది. ఎస్తేరు ఊళ్ళోనే ఉండిపోతుంది. అందులో తన తప్పేముంది? చర్చి రేకుల షెడ్డులో వెనక స్తంభానికి ఆనుకుని లక్ష్ముడు ఈ ప్రశ్నే తిప్పితిప్పి వేసుకుంటున్నాడు. ఒకచోట విప్పిన వల చిక్కు ఇంకోచోట బిగుసుకున్నట్టుంది.

బయట దీవి మీద మిడిల్ పాయింట్ పేటంతా వాన. లోపల వేలం. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టారు: గుమ్మడికాయలు, అరటిగెలలు, ఎండుచేపలు. సంఘపెద్ద పోలిరాజు ఒక్కొక్కటే ఎత్తి చూపించి పాట పెడుతున్నాడు. వచ్చిందంతా మిషన్ నిధికి. ఏటా ఆ నిధి ఆఫ్రికాలో పాస్టర్లకు చదువు చెప్పే ఒక బడికి వెళ్ళేది. ఈసారి మాత్రం ఎస్తేరు కోసం.

సింగపూరులో సువార్త పని నేర్పే ట్రైనింగ్ స్కూలు ఒకటి ఉంది. దేశదేశాల నుంచి పిల్లల్ని తీసుకుంటుంది. సగం ఖర్చు విదేశీ మిషన్ పెడుతుంది, మిగతా సగం పంపే సంఘం కూడబెట్టాలి. రెండేళ్ళ చదువు. ఆ తరవాత మిషన్ ఏ దేశం పొమ్మంటే ఆ దేశం. ఇవాళ్టికి ఆ సగం నిండకపోతే ఎస్తేరు సీటు ఇంకొకరికి పోతుంది.

కిందటేడు ఈ షెడ్డుకు అతన్ని పిలిచింది ఎస్తేరే. జంగ్లీఘాట్ జెట్టీలో అతని దగ్గర చేపలు కొంటూ, “మీ చేపలోళ్ళు వేలంపాట బాగా పాడతారట, రా,” అంది. తీరా ఆమె చేసిన కొబ్బరి కేకు బల్ల మీదికి వచ్చేసరికి, ఆమె తాత అప్పయ్య రెండు రూపాయలకు పాట మొదలుపెట్టాడు. లక్ష్ముడు నోరు మూసుకున్నాడు. జెట్టీలో చేపల వేలంలో పెద్దవాడు పాడాక చిన్నవాడు దాటి పాడడు. కానీ చర్చిలో తాత పాడేది పాట రాజెయ్యడానికేనట. ఆమె పిలిచిన కుర్రాడే పెంచుతాడని షెడ్డంతా లక్ష్ముడి వైపు చూసింది. కేకు రెండు రూపాయలకు తాత చేతికే పోయింది.

ఆమె గొడుగైనా విప్పకుండా వానలో అతని వెంటపడింది.

“నా కేకు రెండు రూపాయలదేటి?”

“మీ తాత పాడేసినాడు గదా. పెద్దోడి మీద నానెలా పాడతాను?”

“ఇది జంగ్లీఘాట్ కాదు భయ్యా! ఇక్కడ తాత మీద పాడితేనే తాతకి మర్యాద.”

“భయ్యా ఏటి మళ్ళీ?”

“కోపమొస్తే అందర్నీ అంటాను.”

“కోపం లేనప్పుడో?”

ఆమె గొడుగు విప్పి సగం అతని వైపు వంచింది. ఆ ఏడాదంతా ఆ సగం గొడుగు కిందే గడిచినట్టుంటుంది అతనికి.

ఇవాళ పొద్దున కోడిపుంజును చంకలో పెట్టుకుని జెట్టీకి వచ్చింది.

“ఈసారైనా పాడతావా?”

“పాడితే నువ్వెళ్ళిపోతావు.”

“ఔను.”

“మళ్ళీ వస్తావా?”

“రావాలనే ఉంది. ఆ మిషనోళ్ళు పంపాల గదా.”

కోడి గట్టిగా కూసింది. ఆమె దాని ముక్కు పట్టుకుంది.

“ఎళ్ళొద్దని ఉంటే నా మొకం మీద సెప్పు లక్ష్ముడూ. దెబ్బలాడుకుందాం. అంతేగానీ నోరు మూసుకుని నన్నాపీకు. నాకు మాలూమ్ అయిపోద్ది.”

అతను అప్పుడూ వంగి చేపలే సర్దుకున్నాడు.

“ఆఖరిది!” షెడ్డులో బల్ల దగ్గర పోలిరాజు కోడిని ఎత్తాడు. “కూత ఫ్రీ! అరె భాయ్, ఇది గట్టిగా పోతేనే సగం నిండుద్ది. లేదంటే బస్, అమ్మాయి పెట్టె సర్దక్కర్లేదు.”

“అయిదు,” అన్నాడు అప్పయ్య. వలస కాపురాలకు బయల్దేరిన సెటిలర్ల ఓడలో ఈ దీవికి వచ్చిన మనిషి. ఆయన గొంతు ఇంకా గట్టిగానే ఉంది.

ఇంకెవరూ పాట పెంచలేదు. పిల్ల తెచ్చినదాని మీద ఆమె తాత పాటను పెళ్ళికాని కుర్రాడు దాటితే దాని అర్థమేమిటో అక్కడ అందరికీ తెలుసు. ముందు వరసలో ఆడవాళ్ళు అప్పుడే వెనక్కి తిరుగుతున్నారు.

కొత్త వలకు దాచిన డబ్బు లక్ష్ముడి జేబులో ఉంది. ఆ సగం నిండడానికి సరిపోతుంది. పొద్దున ఎందుకు పెట్టుకొచ్చాడో అతనికే తెలియదు. ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టరు. జెట్టీ మనిషి, పెద్దల మీద గౌరవం, అంటారు. ఆ గౌరవం అనే మాట కింద తన భయం ఎంత హాయిగా పడుకుందో అతనికి మొదటిసారి కనిపించింది. ఆమె పోతుందన్న భయం ఒక్కటే కాదు. ఆమె కావాలని ఇంతమందిలో తెలిసిపోతుందన్న భయం.

“ఒకటోసారి.”

ఎస్తేరు తన వైపు చూస్తుందేమోనని ఎదురుచూశాడు. చూస్తే ఆమె కోసం చేసినట్టు ఉండేది. ఆమె కోడినే చూస్తోంది. తనంతట తనే చెయ్యాలి.

“రెండోసారి…”

లక్ష్ముడు స్తంభాన్ని వదిలి, చెయ్యి పైకెత్తాడు.