చూసింది వేరు, తేల్చింది వేరు

నిజామాబాదు నుంచి బోధన్ వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర మొదలైంది గొడవ.

దేవిదాస్ ఆ సీట్లో తువ్వాలు వేసి చాయ తాగడానికి దిగాడు. తిరిగొచ్చేసరికి అక్కడ రాధాబాయి కూర్చుని ఉంది.

"అది నా సీటు."

"ముందుగాల వచ్చింది మీ తువ్వాల. మీరు గిప్పుడొచ్చిండ్రు."

బోధన్‌లో చక్కెర మిల్లు కొత్తగా లేచిన రోజులవి. హైదరాబాదులో మంతిఖ్, అంటే తర్కం, చదివొచ్చిన దేవిదాస్ అందులో గుమాస్తా. ఆ చదువు అతన్ని ఊరుకోనివ్వలేదు.

"సదువుకున్న ఆడోళ్ళు ఎదురు మాట్లాడ్తరు. మీరు ఎదురు మాట్లాడ్తున్నరు. అంటే బాగ సదువుకున్నరన్నట్టు."

"మా బర్రె గూడ ఎదురు తిరుగుతది. గది ఏ బడికి పోయింది?"

బస్సంతా నవ్వింది. దేవిదాస్ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

రాధాబాయి నిజామాబాదు ఆడపిల్లల బడిలో పంతులమ్మ. నిజాం ఏలుబడిలో వారం సెలవైన శుక్రవారానికి బేస్తవారం సాయంత్రం ఆమె బోధన్‌లోని ఇంటికొచ్చే బస్సునే, నిజామాబాదులో పని ఉన్నా లేకున్నా, అతనూ ఎక్కసాగాడు. వాదించుకోవడానికే అనుకున్నారు ఇద్దరూ. చెరుకు తోటల మీద వాన పడుతుంటే ఆమె కిటికీ మూయకుండా తడిసేది. అతను వాదం మరచిపోయేవాడు.

ఒకనాడు ఆమె పెదనాన్న బాలనర్సయ్య బస్సులో నవ్వుకుంటున్న వాళ్ళను చూశాడు. ఆమె తండ్రి, తన తమ్ముడు ఆత్మారాం ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి, దేవిదాస్‌నూ పిలిపించాడు.

"చెడిపోయిన పిల్లలు మొగోళ్ళతోని నవ్వుకుంట మాట్లాడ్తరు. మా రాధ గట్లనే మాట్లాడింది. ఇగ చెప్పేదేముంది? మోస్రా ఊరి సంబంధం ఖాయం జేద్దాం. రెండో పెండ్లోడైతేంది?"

దేవిదాస్ లేచాడు. "మా నడుమ ఏం లేదు. ఆమెనేం అనకుండ్రి."

"మీరాగుండ్రి," అంటూ రాధాబాయి తలుపు చాటు నుంచి ముందుకొచ్చింది. "పెద్దబాపు, దొంగలు నవ్వుతరు, భక్తులు సుత నవ్వుతరు. నా నవ్వు చూసి నన్ను దొంగంటవా, భక్తురాలంటవా?"

"మాటలు నేర్చినవ్. మరి వీని మీద మనసు లేదంటవా?"

"నువ్వు చూసినదాంట్లకెల్లి గది తేలది." ఆమె దేవిదాస్ వైపు తిరిగింది. "కాని మనసైతే ఉంది. నన్నడిగితే నేనే చెప్పకపోదునా?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తమ్మీ, విన్నవా నీ బిడ్డ మాట?" అన్నాడు బాలనర్సయ్య.

"విన్ననే. మోస్రాకు వద్దని కబురంపు, అన్నా." ఆత్మారాం దేవిదాస్‌ను చూశాడు. "ఏం లేదంటివి గద పిలగా. గిప్పుడేమంటవ్?"

"అబద్ధమాడిన, మామా."

బాలనర్సయ్య కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.