నిజామాబాద్‌కు నీళ్ల సీసాలు

2003 జూలైలో, బాన్సువాడ డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్ బయట వాన దంచుతోంది. లోపల ఇద్దరు లెక్చరర్లు వాదించుకుంటున్నారు.

విజయశ్రీ కెమిస్ట్రీ చెప్పడానికి కొత్తగా చేరింది. మధు రెండేళ్లుగా హిస్టరీ చెబుతున్నాడు. ఊళ్లకు పనికొచ్చే పనులు కలిసి చేయడానికి జిల్లాలో కొన్ని కాలేజీలు ఒక కూటమి పెట్టుకున్నాయి. అందులో మనమూ చేరదామంటుంది ఆమె.

"చేరితే ఏమొస్తది మేడం? గేటుకు ఇంకో బోర్డొస్తది," అన్నాడు మధు.

"మీరు చదవడానికైనా ఒకటి ఉంటుంది కదండీ," అంది విజయశ్రీ.

స్టాఫ్‌రూమ్‌లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. మధు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఏడాది చూద్దామన్న ప్రిన్సిపాల్, అనుమానం ఉన్నవాళ్లే దగ్గరుండి చూడాలంటూ అతన్నే ఆమెకు తోడుగా వేశారు.

మొదట బీర్కూర్ దారిలోని ఒక తండాకు వెళ్లారు. అక్కడి పిల్లల పళ్లన్నీ గోధుమరంగు చారలు. బోరు నీళ్ల మీద విజయశ్రీకి అనుమానం వచ్చింది. పరీక్షించే మిషను తమ కాలేజీలో లేదు, కూటమిలోని నిజామాబాద్ కాలేజీలో ఉంది. తండా పెద్దావిడ సోనాబాయి మాత్రం వీళ్లను నమ్మలేదు. వచ్చినవాళ్లంతా రాసుకుపోయారే తప్ప మళ్లీ ముఖం చూపలేదంది.

బోరు నీళ్లొక సీసాలో, పాత బావి నీళ్లొక సీసాలో పట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. లోపల ఉక్కపోత. కిటికీ పక్కన విజయశ్రీ కునుకు తీసింది. గాలికి ఎగిరే ఆమె జుట్టును చూస్తూ, మధు చేతికందిన సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

ఆమె కళ్లు తెరిచింది. "బావి నీళ్లేవండీ?"

మధు ఖాళీ సీసా వైపు చూశాడు. "తియ్యగనే ఉన్నయి మేడం."

ఆమె నవ్వలేదు. నిజామాబాద్ దాకా కిటికీలోంచే చూసింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలింది. కానీ బావి సంగతి తేలకపోతే తండా ఏం తాగాలి?

మర్నాడు మధు ఎవరికీ చెప్పకుండా వానలో తండాకెళ్లి, సీసా నింపుకుని, ఒక్కడే నిజామాబాద్ వెళ్లొచ్చాడు. బావి నీళ్లు మంచివే. కూటమిలోని ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు వచ్చి బావిని బాగుచేసి, పైకప్పు వేసి, చేతిపంపు బిగించారు. సారు తడిసి ముద్దయి వచ్చిన సంగతి సోనాబాయి చెబితే గానీ విజయశ్రీకి తెలియలేదు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఏడిపించడం తగ్గించలేదు కానీ, ఏడిపించాక ఓరగా చూడడం మొదలుపెట్టింది.

ఏడాది తిరిగింది. కూటమిలో ఉందామా అని ప్రిన్సిపాల్ అడిగితే మొదట లేచింది మధే. "మనకాడ లేనిది అడిగే జాగ దొరికింది సార్. మద్నూర్ కాలేజీ వాళ్లకు మరాఠీ మాట్లాడే మనిషి కావాలంటే నేను పోయిన. ఒక్కలమే ఉంటే ఏదీ కాకపోతుండె."

మీటింగయ్యాక వరండాలో ఆమెను ఆపాడు. మీ నాయినను కలవాలె అన్నాడు, చెప్పులకేసి చూస్తూ.

"నాన్న ఆదివారం భోజనానికి రమ్మన్నారు. పోయిన వారమే ఆయనకు చెప్పాను లెండి," అంది విజయశ్రీ.

ఆమె తండ్రి హరనాథబాబు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండిస్తున్న రైతు. పిల్లను తమవాళ్లకే ఇస్తానని ఎప్పుడూ అనేవాడు. ఆ ఆదివారం మధుకు ఎదురుగా కూర్చుని భోంచేశాడు. చెయ్యి కడుక్కున్నాక, మధు తండ్రి వెంకట్రాములు తనకు తెలుసన్నాడు. కాలువ నీళ్ల వంతు దగ్గర ఎన్నోసార్లు తగువు పడ్డామన్నాడు. మధు గుమ్మం దగ్గరి తన చెప్పుల వైపు చూశాడు.

"ఎంత తగువైనా ఇచ్చిన మాట తప్పలేదాయన. ముహూర్తాలు చూడ్డానికి ఎప్పుడొస్తారో కనుక్కో బాబూ," అన్నాడు హరనాథబాబు.

వంటింటి గుమ్మం వెనక విజయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు వినబడింది.