ఇల్లుబండ్లనే పట్టే దెయ్యం

కొండ దిగే పాత రోడ్డు మలుపులో, కాలవ ఒడ్డున, దారి మీదుగా ఒక రాతి కమాను ఉంది. దాని పక్కనే సగం కూలిన ఇల్లు. చీకటి పడ్డాక ఆ మలుపు తిరగొద్దంటారు. తిరిగినవాళ్ళు... మళ్ళీ ఆ రోడ్డు పేరెత్తరంటారు.

కార్లో పోతే ఏమీ కాదట. సైకిలు మీద పోయినా ఏమీ కాదట. అక్కడి దెయ్యం పట్టేది ఇల్లుబండ్లని మాత్రమే — అదేనండీ, మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉండే మోటార్‌హోములని. దీనికి మన పెద్దమనుషులు కారణం కూడా కనిపెట్టారు. సొంత ఇల్లు లేకుండానే పోయిన మనిషట పాపం. ఇంటిని చక్రాల మీద పెట్టుకుని ఊరేగేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుందట. మనవాళ్ళకి దెయ్యం ఒక్కటుంటే చాలదు, దానికో కథ కూడా ఉండాలి.

చూసినవాళ్ళందరూ చెప్పేది ఒకటే. నిలువెల్లా తెలుపు. చేతిలో ఎర్రదీపం. మొహం ఉండాల్సిన చోట మొహం ఉండదు — ఒక వెలుగు ఉంటుంది. ఇక పాదాలు ఎటు తిరిగి ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

జీపీఎస్ కొందామని వస్తే వీడు దెయ్యం సోది మొదలెట్టాడేంటి అనుకుంటున్నారు కదూ. కూర్చోండి. పదిహేనేళ్ళుగా ఇల్లుబండ్లకి ఈ యంత్రాలు బిగించి బతుకుతున్నాను. ఏది కొనాలో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

ఈ కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రతివాళ్ళూ అడిగేవి మూడే ప్రశ్నలు. తెర ఎంత పెద్దది? రంగులు బాగుంటాయా? గొంతు ఎలా ఉంటుంది? నా బండి ఎంత ఎత్తో దీనికి తెలుస్తుందా అని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు. మా పిన్ని.

పిన్ని టైలరు. నలభై ఏళ్ళు మెళ్ళో టేపు వేసుకునే తిరిగింది. బాబాయ్ బస్సు డ్రైవరు, ముప్పై ఏళ్ళ సర్వీసు. పిల్లాజెల్లా లేరు. బాబాయ్ రిటైరయ్యాక ఉన్న ఇల్లు అమ్మేసి ఒక ఇల్లుబండి కొన్నారు. ఊళ్ళు చూస్తూ బతికేద్దామని ఇద్దరి సరదా.

"ఒరేయ్, ఇప్పుడు మాకున్న కప్పు ఆ బండి కప్పొక్కటే," అంది పిన్ని ఇక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని. "అది పోయిందంటే మీ అమ్మ దగ్గరికొచ్చి వరండాలో పడుకోవాలి. మీ అమ్మ నోటికి భయపడే నేను పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి చేసుకున్నాను. మా బండి ఎంత ఎత్తో తెలిసే యంత్రం చూడు నాయనా."

మూడు రకాలు చూపించాను. మొదటిది చవక, చిన్నది. దాని దృష్టిలో లోకంలో ఉన్న బళ్ళన్నీ కార్లే. రెండోది ఫోన్లో నడిచేది, కొండెక్కితే సిగ్నల్ పోయి మూగదైపోతుంది. మూడోది ముందే అడుగుతుంది — మీ బండి ఎత్తెంత, వెడల్పెంత, బరువెంత, పొడుగెంత అని. అవి చెప్తేగానీ కదలదు. చెప్పామంటే ఆ బండి పట్టే దారే చూపిస్తుంది. కాస్త చుట్టు తిప్పినా సరే, కొంప ముంచదు.

"గొంతేదిరా, వినిపించు," అన్నాడు బాబాయ్.

వినిపించాను. 'దయచేసి ఎడమవైపు తిరగండి' అంది యంత్రం.

బాబాయ్ మొహం విప్పారింది. "ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్నాను. దయచేసి అన్నవాళ్ళు ఒక్కరు లేరు."

"ఏం, నేను అనలేదా?"

"నువ్వు ఆపండి అంటావు. అంతే."

అలా గొంతు నచ్చి బాబాయ్, కొలత అడిగిందని పిన్ని, మూడోదే తీసుకున్నారు. పిన్ని ఊరుకుందా? షాపు నిచ్చెన ఎక్కి, కప్పు మీద నేను బిగించిన ఏసీ డబ్బాతో సహా బండిని కొలిచింది. మూడు మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు. ఆ అంకె యంత్రంలో తనే నొక్కింది. నాకు మాత్రం ఏం చింత? కొలత టైలరు తీసింది, యంత్రం నేను బిగించాను, నడిపేది ముప్పై ఏళ్ళ డ్రైవరు. నిశ్చింతగా పంపించాను.

పదో రోజు సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు. బాబాయ్ మనిషి సగమయ్యాడు. షాపులో అప్పుడు ముగ్గురున్నారు — ఏవో వైర్ల కోసం వచ్చిన ఇద్దరు, తన ఇల్లుబండికి బ్యాటరీ అడగడానికొచ్చిన ఫొటోగ్రాఫరు ఒకతను. బాబాయ్ కుర్చీ లాక్కుని గొంతు తగ్గించాడు.

"చూశానురా... దాన్ని."

వైర్లవాళ్ళు చేతులాపి ఇటు తిరిగారు.

ఆ రోజు వాళ్ళు కొండ అవతల, ఇల్లుబండ్లు రాత్రికి నిలుపుకునే క్యాంపుకి చేరాలట. రాత్రి ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. యంత్రం పాత రోడ్డు చూపించింది. "అది చూపించింది, నేను పోయాను, ఇందులో నాదేం లేదు," అన్నాడు బాబాయ్. ఆ మాట ఇంకోసారి కూడా అన్నాడు.

దిగేకొద్దీ మంచు. లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ ఉన్నట్టుందట. ఒక పక్క కాలవ. ఇంకో పక్క రాళ్ళ గోడ. బండి తిప్పుకునే చోటు లేదు. మలుపు తిరిగాడు — కమాను లీలగా కనబడింది...

'దయచేసి నేరుగా వెళ్ళండి,' అంది యంత్రం.

అప్పుడే ఎర్రదీపం ఊగింది.

దీపం వెనక తెల్లగా ఒక ఆకారం. ఇంట్లోంచి వచ్చిందో, గోడలోంచి వచ్చిందో తెలీదు. మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట వెలుగు. తిన్నగా వచ్చి బానెట్ మీద చేత్తో కొట్టింది. ఒకసారి... రెండుసార్లు...

'దయచేసి నేరుగా వెళ్ళండి.'

అది కిటికీ దగ్గరికొచ్చింది. ఏదో అడిగింది. మాట కాదట అది, ఊపిరి. లోపల పిన్ని కేక పెట్టింది. బాబాయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. గేరు వెనక్కి వేశాడు. బండి వెనక్కి పోతూనే ఉంది... అదీ వస్తూనే ఉంది. దగ్గరికీ రాదు, దూరమూ కాదు. రెండు మైళ్ళు, ఎర్రదీపం ఊపుకుంటూ —

"పాదాలు చూశారా?" అన్నాడు ఫొటోగ్రాఫరు, ఊపిరి బిగబట్టి.

"చూశాను. వెనక్కి ఉన్నాయి."

"నేనూ చూశానండీ," అన్నాడు ఫొటోగ్రాఫరు. "పోయినేడాది, అచ్చం అలాగే." వైర్లవాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నా సంగతి చెప్పాలా, చేతిలో స్క్రూడ్రైవరు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలీదు.

"అయిందా?" అంది పిన్ని.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు ఆవిడ. తలుపు దగ్గరే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"ఆవిడ పాదాలు తిన్నగానే ఉన్నాయి. వెనక్కి పోయింది మన బండి."

"నువ్వూరుకో," అన్నాడు బాబాయ్.

"ఇన్ని రోజులు ఊరుకున్నాను. ఇంక నా వల్ల కాదు. మొదట్నించీ చెప్పండి. యంత్రం ముందు ఏ దారి చూపించింది?"

బాబాయ్ నేల చూపులు చూశాడు. చెప్పింది పిన్నే.

మూడు పన్నెండుకి యంత్రం మైదానం మీదుగా చుట్టుదారి చూపించింది. చేరేసరికి తొమ్మిదిన్నర. గేటు మూసేస్తారు. పిన్ని వెనక గదిలో బట్టలు మడతపెట్టుకుంటోంది. ఈయన బండి పక్కకి ఆపి యంత్రంతో బేరం మొదలెట్టాడు. మూడు అయిదు అన్నాడు — అది ఒప్పుకోలేదు. మూడు అన్నాడు — ఒప్పుకోలేదు. రెండు తొంభై అన్నాడు. ఠక్కున పాత రోడ్డు చూపించింది, ఏడూ ఇరవైకి చేరతారంది. 'దారికొచ్చింది' అనుకుని ఈయన బండి తీశాడు. కూరలవాళ్ళ దగ్గర ఆడే బేరం యంత్రం దగ్గరా ఆడాడు మహానుభావుడు. అది మాత్రం ఏం చేస్తుంది? చెప్పింది నమ్మింది.

"ఇంతకీ ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి అడిగిందేంటో తెలుసా?" అంది పిన్ని. "ఎంత ఎత్తు అని."

ఫొటోగ్రాఫరు కౌంటరు మీది బ్యాటరీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దెయ్యమనే అనుకున్నాం ఇద్దరం. కాదనను. వణికిపోతున్నాం. అయినా ఈయన ఏమన్నాడు? రెండు తొంభై. ఎదురుగా దెయ్యం నిలబడి అడుగుతుంటే దానికీ అదే బేరం. అప్పుడు కేకేశాను నేను. మూడు పన్నెండు, నా చేత్తో కొలిచాను అని. అబద్ధం చెప్పిందెవరో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. కొలత గీసిన కర్ర ఒకటి తెచ్చి కమానుకి ఆనించి చూపించింది. కమాను ఎత్తు రెండు తొంభై అయిదు. మా ఏసీ డబ్బాకీ ఆ రాళ్ళకీ మధ్య ఇంకో రెండడుగుల దూరం. ఆ రెండడుగులూ పోయి ఉంటే..."

పిన్ని బయట నిలిపిన బండి వైపు చెయ్యి చూపించింది. "ఉన్నదంతా అందులోనే ఉందిరా. నా మిషను, ఈయన బట్టలు, మా పెళ్ళి ఫొటో. కప్పు లేచిపోతే ఆ రాత్రి రోడ్డు మీద నిలబడేవాళ్ళం."

ఆవిడ దెయ్యమూ కాదు, దుమ్మూ కాదు. ఆ సగం కూలిన ఇంటి మనిషే. పగలు ఒక హాస్టల్లో దుప్పట్లు ఉతికే పని. రాత్రి ఇంజను చప్పుడు వినబడితే, చలికి ఒక తెల్ల దుప్పటి కప్పుకుని, తలకి టార్చి కట్టుకుని, బండి ఆపడానికి ఎర్రదీపం పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. అదే మన మొహం లేని వెలుగు. ఇల్లు దానంతటది కూలలేదు. కమాను చూసి కంగారుగా పక్కకి తిప్పినవాళ్ళందరూ మూలగోడనే గుద్దారు. మూడుసార్లు కట్టించి ఇక మానుకుంది. ఎత్తు రాసిన బోర్డు ఒకటి ఉండేది, దాన్నీ ఒక బండి ఎత్తుకుపోయింది. ఇంకో బోర్డు పెట్టండని రోడ్ల ఆఫీసుకి రాస్తే, ఇప్పుడందరికీ జీపీఎస్‌లున్నాయి కదమ్మా అని జవాబొచ్చిందట.

జీపీఎస్ మ్యాపులో ఆ చోటు లేకపోలేదండీ. ఉంది. 'దెయ్యం మలుపు' అని జనమే పెట్టారు. అయిదుకి నాలుగున్నర చుక్కల రేటింగు ఇచ్చారు. చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారట.

"మాట గుసగుసగా ఎందుకొచ్చిందంటే, ఆ వారంలో మేం ఆరోవాళ్ళం," అంది పిన్ని. "ఆగండి ఆగండి అని అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది. ఆ గొంతుతోనే రెండు మైళ్ళు నడిచి మమ్మల్ని వెనక్కి నడిపించింది. ఆవిడ ముందు, నేను వెనక, ఈయన మధ్యలో స్టీరింగు పట్టుకుని ఏడుస్తూ. మెయిన్ రోడ్డెక్కాక నేను చేతులు పట్టుకుని ఏమిచ్చి రుణం తీర్చుకోమంటావమ్మా అని అడిగాను. నాకేం వద్దు, పోయి నలుగురికి చెప్పండి చాలు, ఇక్కడ దెయ్యం లేదు, కమాను ఎత్తు తక్కువ అని, అంది. ఈయన ఒట్టేశాడు. ఇందాకా మీ ముందు ఏం చెప్పాడో విన్నారు కదా."

నాకు ఒళ్ళు మండింది. బాబాయ్ అని కూడా చూడకుండా అడిగేశాను, ఎందుకిలా చేశావని.

 ఆయన అన్నాడు, "ముప్పై ఏళ్ళ డ్రైవర్నిరా. ఎత్తుకి దొంగలెక్క చెప్పి నా కొంప నేనే కూల్చుకోబోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? దెయ్యం కనబడిందంటే అయ్యో పాపం అంటారు."

 వైర్లవాళ్ళు వైర్లు అక్కడే పెట్టి లేచారు. ఫొటోగ్రాఫరు మాత్రం కూర్చునే ఉన్నాడు, బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని, దాని మీది అక్షరాలు చదువుతున్నవాడిలా.

కాసేపటికి తల ఎత్తకుండానే, పిన్నికి వినబడితే చాలన్నట్టు అడిగాడు.

"ఆవిడ గొంతు... నాతో మాట్లాడినప్పుడూ అంతే. ఇంకా అలాగే ఉందా అమ్మా?"