పీపాలో ఉంచిన మోటారు

నా చేతిలో ఉన్నది నాలుగు వేల రెండు వందల క్రోనర్లు. పడవకు కొత్త మోటారు ఇరవై ఆరు వేలు. టోర్గిల్స్ ముసలాయన తన దగ్గరున్న పాతదానికి పదిహేను వందలు చెప్పాడు. స్పార్క్ ప్లగ్గులు, నీటి పంపు రబ్బరు, నూనె కలిపి తొమ్మిది వందలు. మిగిలినదాంతో పీతలు పట్టే బుట్టలు పన్నెండు. వారానికి ఎనభై కిలోలు పడితే నవంబరుకల్లా పెట్టుబడి తిరిగొస్తుంది.

ఈ చీటీ మా అక్క గున్‌వోర్‌కు చూపించాను.

"అన్నీ రాశావు సరే, మోటారు స్టార్ట్ అవుతుందని రాశావా?" అంది.

మోటారు టోర్గిల్స్ పడవల కొట్టంలో, నిండా మంచినీళ్లున్న పీపాలో మునిగి ఉంది. ఉప్పునీట పడ్డ మోటారుకు గాలి తగిలితే గంటల్లో తుప్పు పడుతుంది. విప్పి శుభ్రం చేసే తీరిక దొరికేదాకా నీళ్లలోనే ఉంచాలి. ఇది మా దీవిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఎన్నాళ్లయింది తాతా?"

"మార్చి నుంచి. వలకు తగిలింది." ముసలాయన కాసేపు పీపాలోకి చూశాడు. నేనేమీ అడగకుండానే, "మోటారొక్కటే వచ్చింది," అన్నాడు.

నేను ధర పద్నాలుగు వందలకు దించాను. ఆ మాట గురించి మాత్రం అడగలేదు.

నాలుగు సాయంత్రాలు పట్టింది. కార్బురేటర్ విప్పి కడిగాను, పెట్రోలు గొట్టం మార్చాను. ఇలాంటి మోటార్లకు ఒక ఎర్ర తాడు ఉంటుంది. ఒక చివర క్లిప్పు, అది మోటారు ఆపే బొత్తాం కింద ఇరుక్కుంటుంది. రెండో చివర ఉచ్చు, నడిపేవాడి మణికట్టుకు. మనిషి నీళ్లలో పడితే తాడు క్లిప్పును లాగేస్తుంది, ప్లగ్గులో నిప్పురవ్వ ఆగిపోతుంది, పడవ ఆగుతుంది. పాత తాడు లేదు. కొత్తది కొన్నాను. నీళ్ల తొట్టిలో పెట్టి స్టార్టు తాడు లాగితే రెండో లాగుకే మోటారు అందుకుంది.

సెప్టెంబరు చివరి శనివారం మధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. మా కోవలో, అంటే రేవు ముందున్న సముద్రపు వంపులో, రెండు గుర్తు స్తంభాలున్నాయి. మొదటిది దాటగానే గడియారం చూశాను. రెండోది చేరడానికి బుట్టల బరువుతో సహా నాలుగు నిమిషాలు. మోటారు చక్కగా పాడుతోంది. నల్లబండల దగ్గర దాన్ని ఆపి, బుట్టలు ఒక్కొక్కటే దించాం.

పన్నెండోది దించేసరికి పొగమంచు కమ్మింది. ముందు చలి తెలిసింది, తర్వాత నాచు వాసన. ఆ తర్వాత బండలు కనబడకుండా పోయాయి. వాటి మీద అలలు విరిగే చప్పుడు మాత్రం మిగిలింది.

తాడు లాగాను. మోటారు అందుకోలేదు. పది సార్లు లాగాను.

"చీటీలో రాయలేదుగా మరి," అంది అక్క, తెడ్లు అందుకుంటూ.

ఆటునీరు మమ్మల్ని నిమిషానికి అరవై మీటర్ల చొప్పున బండల మీదికి లాగుతోంది. ఆరు వందల మీటర్లు ఉంటుందనుకున్నాను. అంటే పది నిమిషాలు. అక్క తెడ్లు వేస్తే ఇరవై.

పెట్రోలు గొట్టం మీది రబ్బరు బుడ్డి నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. ట్యాంకు మూత మీది గాలి రంధ్రం తెరిచే ఉంది. గేరు మధ్యలోనే ఉంది. ప్లగ్గు విప్పి ఇనుముకు ఆనించి స్టార్టు తాడు లాగాను. నిప్పురవ్వ లేదు. అప్పుడు చూశాను... బొత్తాం కింద క్లిప్పు లేదు. నా మణికట్టు నుంచి ఊరికే వేలాడుతోంది.

"నేనే లాగేసుంటాను," అన్నాను. ప్లగ్గు బిగించి, క్లిప్పు పెట్టి లాగాను. మొదటి లాగుకే అందుకుంది. అక్క సంతోషంతో కేక వేసింది.

పది మీటర్లు పోయామో లేదో, ఆగింది.

క్లిప్పు మళ్లీ ఊడి ఉంది. నా చెయ్యి కదలలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే భయంతో దాన్ని మోకాలికి అదిమి పట్టుకుని ఉన్నాను.

"చేతికి తీసెయ్‌రా దాన్ని," అంది అక్క.

తీసేసి, ఉచ్చును పడవ అడుగున వదిలాను. క్లిప్పు పెట్టాను. మోటారు అందుకుంది. ఈసారి కళ్లార్పకుండా చూశాను.

ఉచ్చు మెల్లగా లేచింది. పాములా కాదు... లోపల చెయ్యి ఉన్నప్పుడు ఎలా లేస్తుందో అలా, గుండ్రంగా. పడవ అంచు దాటింది. తాడు బిగిసింది. నీళ్లవైపు ఒక్క కుదుపు.

టక్. మోటారు ఆగింది.

మనిషి నీళ్లలో పడ్డప్పుడు ఎలా ఆగాలో, సరిగ్గా అలా.

అక్క తెడ్లు ఆపేసింది. మోటారు మూత వైపు చూస్తోంది. దాని మీద గుండ్రంగా కాలిన మచ్చలు నాలుగైదు ఉన్నాయి.

"సివెర్ట్," అంది, గొంతు తగ్గించి. "హాల్వర్ మామ చుట్టలు ఇలాగే ఆర్పేవాడు. రోజూ నన్ను పడవలో బడికి దించేవాడు కదా... నాకు తెలుసు. ఇది ఆయనదిరా."

హాల్వర్ మామ పడవ మార్చిలో ఖాళీగా దొరికింది. మోటారు లేదు, మనిషి లేడు.

"ఎక్కడ దొరికింది ఆ పడవ?"

అక్క బండల చప్పుడు వైపు గడ్డంతో చూపింది.

నాలుగు నిమిషాలు మిగిలాయి. కత్తి తీసి ఎర్ర తాడు క్లిప్పు దగ్గర కోసేశాను. తాడు పడవలో పడలేదు. అంచు మీంచి జారి, చప్పుడు లేకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. ఉత్త క్లిప్పు బొత్తాం కింద ఇరికించి లాగాను.

అందుకుంది. ఆగలేదు.

అలల చప్పుడు వెనక్కి పెట్టుకుని కోవ వైపు నడిపాను. అక్క ముందు బల్ల మీద నావైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి ఎందుకో లేచి, అటు తిరిగి కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం లేదు. నీ ఎడమవైపు చూడకు."

చూడలేదు. తడిసిన ఉన్ని వాసన వస్తోంది. పడవ ఎడమకు ఒరిగి పోతోంది. నేను కుడివైపే కూర్చున్నాను.

మొదటి స్తంభం దాటగానే అలవాటుగా గడియారం చూశాను. కోవలో ఆటుపోట్ల లాగుడు ఉండదు. గాలి లేదు. బుట్టలు దించేశాం. నాలుగు నిమిషాలకంటే తక్కువే పట్టాలి.

ఆరు నిమిషాల పది సెకన్లు పట్టింది.

వద్దనుకుంటూనే ఆ అదనపు బరువెంతో మనసులో లెక్క కట్టేశాను. ఎనభై కిలోలు. కొంచెం ఎక్కువే.

రేవులో అక్క ముందు దూకింది, తర్వాత నేను. ఖాళీ పడవ పైకి తేలలేదు. వెనక భాగం అలాగే దిగి ఉంది. మేమిద్దరం చూస్తుండగా ఒక్కసారి అటూ ఇటూ ఊగి, తేలికగా పైకి లేచింది. రేవు పలక ఒకటి మా పక్కన కిర్రుమంది.

అక్క నా చొక్కా పట్టుకుంది.

"ఇంటికి పరిగెత్తుదాం పద," అన్నాను.

"వీల్లేదు." అక్క నా చొక్కా వదల్లేదు. "నీళ్లలో పోయినవాణ్ణి ఒడ్డుకు తెచ్చినవాడు ముందు ఆ పోయినవాడి ఇంటి తలుపు కొట్టాలి. తన గడప తొక్కకూడదు. తొక్కితే మనింట్లోకే వస్తాడు. అమ్మ ఒక్కతే ఉందిరా."

"తెచ్చిందేముంది? ఎవరూ లేరుగా!"

"అయితే పక్కకు చూడు."

చూడలేకపోయాను.

"మోటారు కొన్నది నువ్వు," అంది. ఏడుస్తోంది. "నువ్వే వెళ్లాలి. నేను కింద ఉంటాను. కదలను."

హాల్వర్ మామ ఇల్లు రేవు పైన, రాతి మెట్లెక్కితే వస్తుంది. కిటికీలో దీపం ఉంది. ఆయన భార్య బోర్గ్‌హిల్ద్ అత్త ఈ ఆరు నెలల్లో ఎవరికీ తలుపు తీయడం నేను చూడలేదు.

ఎక్కాను. భయమేస్తే నేను లెక్కపెడతాను. ఒకటి, నా బూటు. ఒకటి, వెనక నుంచి, నీళ్లతో నిండిన బూటు. రెండు. రెండు. పంతొమ్మిది మెట్లు. పంతొమ్మిదో మెట్టు మీద ఆగాను. వెనక పంతొమ్మిదో అడుగు వినబడి ఆగింది. మెడ మీద చల్లటి గాలి.

తర్వాత ఇరవయ్యో అడుగు వినబడింది.

అదే నీళ్లతో నిండిన బూటు, కానీ నా వెనక కాదు. తలుపుకు అవతల, ఇంటి లోపల.

లోపల కుర్చీ ఒకటి జరిగింది.  దీపం ఆరిపోయింది.

నేనింకా తలుపు కొట్టలేదు. కొట్టకుండా వెనక్కి తిరగడానికి వీల్లేదు. చెయ్యి పైకెత్తాను.