వాగులో పడ్డ తుపాకీ

ఆ కొట్టు, అమెరికాలో ప్రిస్సిల్లా ఉండే క్యారీకి గంటన్నర దూరంలో, ఒక చిన్న ఊళ్ళో, టైర్ల షాపు పక్కన ఉంది. ముందు గదిలో గేలాలు, ఎర పురుగుల డబ్బాలు. వెనక గోడకి పాత తుపాకులు. శనివారం మధ్యాహ్నం, బయట మంచి ఎండ, లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ఈ ఏడాదిలో ఇలాంటి కొట్లు పదకొండు తిరిగింది. ఇది పన్నెండోది.

చూడగానే గుర్తుపట్టింది. ట్రిగ్గర్ చుట్టూ వంపు తిరిగిన లివర్ ఉన్న రైఫిల్. దాన్ని కిందికి తోసి పైకి లాగితేనే తూటా ఎక్కుతుంది. కంపెనీవాళ్ళు ఆ మోడల్ మానేసి నలభై ఏళ్ళు. ఆమె భర్త మణి దానికోసం ఏడేళ్ళు వెతికాడు. దొరికిన రోజు ఆనందం పట్టలేక, ఫ్యామిలీ బైబిల్లో పుట్టినరోజులు రాసుకునే పేజీలో, పిల్లలు ఎవాన్, క్రిస్టీల పేర్ల కింద తుపాకీ నంబరు కూడా రాసేశాడు మహానుభావుడు. "ఇది మీకు మూడో సంతానమా?" అని ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పేజీ ఫొటో ఫోన్‌లో తెరిచి, ఇనుము మీది నంబరుతో ఒక్కో అంకె పోల్చుకుంది. అన్నీ కలిశాయి.

పోయిన నవంబరులో మణి అడవిలో మంచె మీంచి పడి చనిపోయాడు. వేటకి తోడు వెళ్ళినవాడు సామ్యూల్. తెలుగు చర్చిలో సంఘపెద్ద, మణికి ప్రాణస్నేహితుడు. "నేను చూసేసరికే ప్రాణం పోయింది సిస్టర్. సిగ్నల్ లేదు, రోడ్డుదాకా పరిగెత్తాను. తుపాకీ వాగులో పడి కొట్టుకుపోయింది" అన్నాడు. సమాధి దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా అతనే. తర్వాత ప్రిస్సిల్లా ఒక్కతే వెళ్ళి ఆ వాగు చూసొచ్చింది. మోకాలి లోతు లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, కడుపులో దాచుకుంది.

"ఇది ఎవరు అమ్మారు?" అని కొట్టు ముసలాయన్ని అడిగింది.

"మీ ఇండియావాళ్ళే ఎవరో. బేరం కూడా ఆడలేదు. తెల్లారుజామున లివర్ దానంతటదే ఆడుతోందట, ఇంట్లో ఉంచుకోలేనన్నాడు."

"మీరు విన్నారా?"

ముసలాయన నవ్వి చెవిలో మిషను చూపించాడు. "నాకు పిడుగు పడ్డా వినపడదమ్మా."

కాగితాలు పూర్తిచేసి తుపాకీ ఇంటికి తెచ్చింది. నాలుగో రోజు తెల్లారుజామున అల్మారాలోంచి వినిపించింది. ఛక్... ఛక్. తూటా వేసుకోబోయే ముందు మణి అలాగే ఖాళీ లివర్ ఆడించి చూసుకునేవాడు. ఆమె భయపడలేదు. పక్కమీద లేచి కూర్చుని, "తెలుసండీ. నేను చూసుకుంటాను" అంది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డప్పుడు, సామ్యూల్ దగ్గరికి వెళ్ళింది.

"వందనాలు అన్నయ్యా. కోతల పండుగకి మా ఆయన ప్రతి ఏడూ మొదటి జింక మాంసం దేవుడికి ఇచ్చేవారు కదా. ఈసారి ఆయన పేరున నేనిస్తాను. నాకు లైసెన్స్ కూడా వచ్చింది. అదే మంచె దగ్గరికి మీరే తోడు రావాలి."

కోతల పండుగంటే ప్రథమ ఫలాలు తెచ్చి చర్చికోసం వేలం వేసే రోజు. సొరకాయలు, ఆవకాయ జాడీల మధ్య మణి తెచ్చిన మాంసానికే పోటీ ఎక్కువ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. సామ్యూల్ పరిస్థితి దొంగకి తేలు కుట్టినట్టయింది. విధవరాలి మొక్కుబడికి సంఘపెద్ద రానంటే ఎలా కుదురుతుంది? "తప్పకుండా సిస్టర్" అన్నాడు.

శనివారం ఇంకా వెలుగు రాకముందే ఆమె కారులో ఇద్దరూ అడవికి చేరారు. పొగమంచు. తడిసిన పైన్ ఆకుల వాసన. వేటకి వేసుకునే నారింజరంగు జాకెట్లు కూడా ఇరవై అడుగుల అవతల కనపడ్డం లేదు. మంచె దగ్గర ఆమె తుపాకీ కవరు జిప్పు తీసింది. సామ్యూల్ టార్చి దానిమీదే ఆగిపోయింది.

"ఇది... ఎక్కడిది?"

"వాగులో దొరికింది అన్నయ్యా. ఎక్కండి."

అతను నిచ్చెన ఎక్కాడు. పైన కూర్చుని నడుముకి బెల్టు బిగించుకున్నాడు. ఆమె కింద, మోడు మీద కూర్చుని తుపాకీ ఒళ్ళో పెట్టుకుంది. అయిదు తూటాలు వేసి ఉన్నాయి. ఆమెకి కావలసింది నిజం. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఏడాదిగా ఆలోచించుకునే ఉంది.

కాస్త వెలుగొచ్చింది. ఆకుల మీంచి నీటిబొట్లు రాలుతున్నాయి. ఎక్కడో ఉడుత కదిలి ఆగింది.

ఛక్... ఛక్.

"లివర్ ముట్టుకోకు చెల్లెమ్మా," పైనుంచి గుసగుస.

"నా చేతులు జేబుల్లో ఉన్నాయి."

మళ్ళీ వినిపించింది. ఈసారి ఎడమవైపు పొగమంచులోంచి. కాస్త దగ్గరగా. మణి చేతులకి ఎప్పుడూ ఉండే తుపాకీ నూనె వాసన గుప్పున కొట్టింది. ఆమె ఒళ్ళోని ఇనుము మాత్రం కదల్లేదు, చల్లగా ఉంది.

"ఎవరది?"

"మీకే తెలియాలి. ఆయన పడగానే పోయారా?"

ఛక్... ఛక్. ఇప్పుడు నిచ్చెన వెనక.

"లేదు!" సామ్యూల్ గొంతు చీరుకుపోయింది. "నడుం విరిగింది. మాట్లాడాడు. సాయం తెస్తానని చెప్పి... తుపాకీ తీసుకెళ్ళి డిక్కీలో పెట్టాను. కార్లో కూర్చున్నాను. ఒక గంట... దాన్ని ముందు చూసింది నేను చెల్లెమ్మా! కొట్టు అడ్రసు నేనే చెప్పాను. వాడు నాకు చెప్పకుండా వెళ్ళి కొనేశాడు..."

"పిలిచారా మిమ్మల్ని?"

"పిలుస్తూనే ఉన్నాడు."

ప్రిస్సిల్లా ఒళ్ళంతా అగ్గయింది. ఒక ఇనపముక్క కోసం! తుపాకీ ఎత్తింది. గురి చూసేలోపే సామ్యూల్ ఆమె వైపు కాకుండా, ఎదురుగా, తన ఎత్తులోనే, ఖాళీ పొగమంచులోకి చూడ్డం మొదలుపెట్టాడు. అక్కడ నిలబడ్డానికి కొమ్మ కూడా లేదు.

"వస్తున్నా మణీ... వస్తున్నాను రా..." అన్నాడు మెల్లగా. బెల్టు విప్పుకున్నాడు. లేచి, వీధి దాటేవాడిలా నింపాదిగా ఒక అడుగు ముందుకి వేశాడు.

పడ్డ చప్పుడు కంటే, ఏదో విరిగిన చప్పుడు పెద్దగా వినిపించింది.

బతికే ఉన్నాడు. కాళ్ళు కదలడం లేదు. "చెల్లెమ్మా... 911కి ఫోన్ చెయ్యి..."

ఆమె అతన్ని కాసేపు చూసింది. జాలి కలగలేదు. తుపాకీ కవరులో పెట్టి జిప్పు వేసింది.

"సాయం తెస్తాను అన్నయ్యా" అంది.

కారు డిక్కీలో తుపాకీ పెట్టి, కారెక్కి హీటర్ వేసుకుంది. అద్దాలు మూసినా పిలుపు వినపడుతూనే ఉంది. ఏడూ ఇరవైకి ఆగిపోయింది. తొందరేముందని ఇంకో అరగంట కూర్చుని, అప్పుడు ఫోన్ చేసింది.

"సిగ్నల్ దొరకలేదు. నేను చూసేసరికే ప్రాణం పోయింది" అని పోలీసులకి చెప్పింది. మాటలు నోట్లోంచి సాఫీగా వచ్చాయి. రాసుకుని, భుజం తట్టి, ఇంటికి వెళ్ళమన్నారు.

స్టార్ట్ చేసి పది గజాలు పోనిచ్చిందో లేదో కారు టింగ్ టింగ్ మనడం మొదలుపెట్టింది. పక్కసీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని స్క్రీన్ మీద ఎర్రటి గుర్తు. సీటు ఖాళీగా ఉంది. తుపాకీ నూనె వాసన. ప్రిస్సిల్లాకి ఏడాది తర్వాత మొదటిసారి కన్నీళ్ళు వచ్చాయి. వంగి, ఖాళీ సీటు మీంచి బెల్టు లాగి పెట్టింది. "పదండి, ఇంటికెళ్దాం" అంది. చప్పుడు ఆగింది.

రోడ్డెక్కాక మళ్ళీ మొదలైంది. టింగ్... టింగ్...

ఈసారి గుర్తు వెనకసీటుది.

ఆమె అద్దంలోకి చూడలేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తోంది. వెనక ఎవరో మెల్లగా, కష్టంమీద, బెల్టు లాక్కుంటున్న చప్పుడు. తర్వాత క్లిక్‌మంది. ఎర్రగుర్తు ఆరిపోయింది.