గొంగడి మీద సగం చోటు

మెహిదీపట్నంలో బస్సు దిగిన గణేష్ దర్జాగా నడుస్తున్నాడు. మెడలో ఆఫీసు ఐడీ కార్డు, భుజానికి కొత్త లాప్‌టాప్ బ్యాగు. చేవెళ్ల నుంచి హైటెక్ సిటీకి పోయే సాఫ్ట్‌వేర్ ఇంజనీరును నలుగురూ తిరిగి చూడడంలో వింతేముంది అనుకున్నాడు. కానీ చూసినవాళ్లంతా నవ్వుతున్నారు.

"ఓ లాప్‌టాప్! ఆగుండ్రి జర!"

వెనక్కి తిరిగాడు. ఒక అమ్మాయి రొప్పుతూ పరుగెత్తుకొస్తోంది. ఆమె చేతిలో సూదులు, సూదుల కింద ఇంకా అల్లుతున్న స్వెట్టరు చెయ్యి. అక్కడి నుంచి ఎర్రటి ఊలు దారం రోడ్డు పొడుగునా సాగి, అతని బ్యాగు జిప్పుకు చిక్కుకొని ఉంది.

"నేనేం చేసిన అండి?"

"ఏం చేసిన్రా? లంగర్‌హౌజ్ కాడ జర కన్నంటుకున్నది. గంతలనే నా దారం పట్టుకొని బస్సు దిగిపోయిన్రు. మోచేతి దాకా అల్లిన చెయ్యి, మళ్ల మణికట్టు కాడికొచ్చింది!"

"సారీ అండి."

"సారీతోని చెయ్యి అల్లుకుంటదా?"

గణేష్ మరో ముక్క అనబోయాడు. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఆగుండ్రి. ఈ వరుస అయిపోనియ్యండి. నడుమ మాట్లాడిస్తే లెక్క తప్పుత."

ఫుట్‌పాత్ మీదే నిలబడి, జారిపోయిన స్టిచ్చులను ఒక్కొక్కటిగా సూదికి ఎక్కించుకుంటూ వరుస మొత్తం అల్లింది. హైటెక్ సిటీ బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. గణేష్ కదల్లేదు. జిప్పుకు దారం ఉందిగా, ఎలా కదులుతాడు? అదొక్కటే కారణం కాదని అతనికీ తెలుసు.

వరుస అయ్యాక ఆమె తలెత్తింది. "ఆఁ, ఇప్పుడు తిట్టాలె. ఎందాక వచ్చిన?"

పేరు ఎస్తేర్. మొయినాబాద్. మెహిదీపట్నంలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రిసెప్షనిస్టు. ఊరూరా పిల్లలు కంప్యూటర్ కోర్సుల మీద పడుతున్న రోజులవి, ఆమె టేబుల్ ముందు ఎప్పుడూ క్యూనే. అల్లుకోవడానికి బస్సు తప్ప వేరే చోటు లేదు.

మర్నాటి నుంచి గణేష్ చేవెళ్లలో ఎక్కగానే డ్రైవరు వెనక సీటు పట్టి, పక్కన బ్యాగు పెట్టేవాడు. మొయినాబాద్ వచ్చాక తీసేవాడు. డ్రైవరుతో ముందే మంచి చేసుకున్నాడు కూడా. చేవెళ్ల స్టాండులో చాయ్ తాగించి, "అన్నా, మొయినాబాద్‌ల జర ఎక్కువసేపు ఆపే. ఒకామె ఎక్కాలె" అనేవాడు.

"ఎవరామె?" అనేవాడు డ్రైవరు, మీసం మీది చాయ్ తుడుచుకుంటూ.

"నీకెందుకే అన్నా. సక్కగుంటది. కోపం జర ఎక్కువ."

"అవునవును, కోపం ఎక్కువనే" అని డ్రైవరు ఒప్పుకునేవాడు. ఎలా తెలుసు అని గణేష్ అడగలేదు. ప్రేమలో పడ్డవాడికి అలాంటి ప్రశ్నలు తోచవు.

డిసెంబరు వచ్చింది. గండిపేట మలుపు దగ్గర మంచు రోడ్డు మీదికి వచ్చేస్తోంది. ఎస్తేర్ మాత్రం సూదులు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చుంది.

"ఏమైంది? దారం ఎవరన్న ఎత్కపోయిన్రా?"

"నవ్వకు. మా చర్చి ఆడోళ్లమంతా ప్రతి కొత్త సంవత్సరం కొత్త అల్లిక ఒకటి చూపియ్యాలె. జనవరి ఒకటిన, ఆరాధన అయినంక. నిరుడు జడల డిజైన్ చేసిన. అంతకుముందు కొక్కెం సూదితోని క్రోషా. ఈసారి బుర్రల ఏం తోస్తలేదు. దుకాణంల అదే ఊలు, అవే రంగులు."

"మా ఇంట్ల ఉన్ని ఉన్నది" అన్నాడు గణేష్. "నల్లది. రంగు వెయ్యలే, పుట్టుకే నలుపు. మా బాపుకు గొర్లున్నయి."

"గొంగడి నేసే ఉన్నినా? దాంతోని అల్లి మెడకు చుట్టుకుంటే గుచ్చుకొని చస్తరు!"

"పెద్ద గొర్లది గుచ్చుకుంటది. పిల్లలకు మొదటిసారి కత్తిరిస్తే వచ్చేది మెత్తగుంటది. మా అవ్వ రాట్నం మీద వడుకుతది. వచ్చి చూడు."

ఎస్తేర్ కళ్లలో వెలుగు చూశాక గణేష్‌కు ఆ పూట ఆఫీసులో ఏం పని చేశాడో గుర్తు లేదు.

శనివారం ఆమె చేవెళ్ల వచ్చింది. గణేష్ బాపు కుర్మయ్య గొర్ల మందతో బయటికి పోయాడు. తల్లి ముత్తమ్మ అతిథి వచ్చిందని వాకిట్లో కొత్త గొంగడి పరిచి, "కూసో బిడ్డా, చాయ్ పెడ్త" అని లోపలికి పోయింది. ఎస్తేర్ అక్కడున్న ఉన్ని చిలపను, వడికిన దారపు చుట్టను, ముక్కుకు ఆనించుకొని, చెంపకు రాసుకొని, "అబ్బ, మెత్తగనే ఉన్నది!" అని చిన్నపిల్లలా గంతేసింది. "ఉండ చుట్టుకోవాలె. నువ్వు చేతులు చాపు, చిలప పట్టుకో. గిట్ల నిలబడితే ఎట్ల? నా పక్కకు కూసో."

గణేష్ కూర్చున్నాడు. రెండు చేతులకూ చిలప, ఆమె వేళ్లలోకి జరజరా పోతున్న దారం, దారం లాగినప్పుడల్లా దగ్గరికి వంగే ఆమె మొహం. అప్పుడు గుర్తొచ్చింది. గణేష్ వాళ్ల ఇళ్లల్లో కొత్త గొంగడి మీద పెండ్లికాని పిల్లనూ పిల్లగాడినీ పక్కపక్కన కూర్చోబెట్టారంటే సంబంధం ఖాయమైనట్టే. పెద్దలు కూడి, నోట్లో బెల్లం పెట్టి చేసే పని అది. లేవాలి. ఇప్పుడే లేవాలి. చేతులకు చిలప ఉందిగా, అనుకున్నాడు. లేవలేదు.

చాయ్‌తో బయటికొచ్చిన ముత్తమ్మ గడప మీదే ఆగిపోయింది. కొడుకును చూసింది. పిల్లను చూసింది. కొడుకు లేవకపోవడం కూడా చూసింది. గ్లాసులు కింద పెట్టి పరుగున లోపలికి పోయి, బెల్లంగడ్డ తెచ్చి ఇద్దరి నోట్లోనూ పెట్టింది.

"మీ ఇంట్ల చాయ్‌కి ముందు బెల్లం పెడ్తరా? బాగున్నది" అంది ఎస్తేర్, నములుతూ.

గణేష్ బెల్లం నమలకుండా బుగ్గన పెట్టుకున్నాడు.

సోమవారం బస్సు చేవెళ్ల దాటకముందే విషయం బస్సెక్కేసింది. పాలక్యాన్లతో ముందు నిలబడ్డ ఎంకయ్య, మొయినాబాద్‌లో ఎస్తేర్ ఎక్కి కూర్చోగానే డ్రైవరు చెవి దగ్గర మొదలుపెట్టాడు. "కుర్మయ్య కొడుకు పెండ్లి కుదిరిందంట. పిల్ల మీ మొయినాబాద్‌దేనంట. సూదులతోని అల్లుతదంట. గొంగడి మీద కూసున్నరంట, బెల్లం తిన్నరంట!"

అజీజ్‌నగర్ దగ్గర బస్సు ఆగింది. అక్కడ స్టాపే లేదు. డ్రైవరు ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ఎస్తేరూ, బెల్లం తిన్నవా?"

"డ్రైవరన్నా, ఆమెనెందుకు అడుగుతున్నవ్? నీకెందుకిది?" గణేష్ రోషంగా లేచాడు.

"నేను దాని బాపును కాబట్టి."

గణేష్ తాగించిన చాయ్‌లన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. డ్రైవరు పేతురు ముఖంలో కోపమో నవ్వో మీసం అడ్డమై తెలియలేదు.

ఎస్తేర్ మాత్రం గణేష్‌నే చూస్తోంది. "పెండ్లి కుదిరిందా? నాకా? నన్నెవరడిగిన్రు?" సూదులు సంచీలో పడేసింది. "ఆ గొంగడి సంగతి నీకెరుకేనా?"

"ఎరుకే, కానీ..."

ఆమె 'కానీ' దాకా ఆగలేదు. సంచీ తీసుకొని వెనక సీటుకు పోయింది.

ఆ తర్వాత గణేష్ పక్కన బ్యాగే కూర్చుంది. అడగకుండా ఒక మనిషిని తన పక్కన ఖాయం చేసుకున్నాడు. ఆ తప్పుకు ఆమె శాశ్వతంగా వెనక సీట్లోనే ఉండిపోతుందేమో అనుకునేవాడు. ఒక్కటే ఆశ. డ్రైవరు అద్దంలో వెనక సీటు కనిపించేది. ఆమె సూదుల మీద నల్ల ఉన్ని రోజురోజుకూ పొడుగవుతోంది.

జనవరి ఒకటి. మొయినాబాద్ చర్చి ఆవరణలో షామియానా కింద టోపీలు, శాలువలు, పాప సాక్సులు వరుసగా పెట్టారు. గణేష్ భుజాన గొంగడి వేసుకొని వచ్చాడు. వెనకే కుర్మయ్య, ముత్తమ్మ.

ఎస్తేర్ కుర్చీలో కూర్చుని ఇంకా అల్లుతూనే ఉంది. గణేష్ ఆమె ముందు గొంగడి పరిచాడు. తాను మాత్రం దాని మీద కాలు పెట్టకుండా పక్కన నిలబడ్డాడు.

"ఎస్తేర్, ఆ దినం కూసున్నప్పుడు యాదికి లేకుండె. కూసున్నంక యాదికొచ్చింది. లేవబుద్ధి కాలే. తప్పు నాదే, అవ్వది కాదు. ఇప్పుడు అడుగుతున్న. నువ్వంటే నాకు పానం. నాతోని కూసుంటవా?"

"ఆగు" అందామె, తలెత్తకుండా. "వరుస అయిపోనియ్యి."

షామియానా కింద అందరూ ఆగారు. పిల్లలు కేకు తినడం కూడా ఆపారు.

"దాని సంగతి గంతే" అన్నాడు పేతురు, కుర్మయ్య పక్కన చేరి. "నేను బస్సు ఆపినా అది వరుస ఆపదు."

కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "మీరు చర్చి, మేం గుడి. మీకేమన్న..."

"గొర్ల కాపరులు మాకు కొత్తనా అన్నా? ప్రతి క్రిస్మస్‌కు యేసు పుట్టిన నాటకంల మా స్టేజి ఎక్కుతరు. మీ అసొంటి గొంగళ్లే కప్పుకొని. నా బిడ్డ ఊ అంటే నాకేం ఫికర్ లేదు. పిల్లగాడు చాయ్ మంచిగ తాగిస్తడు."

వరుస అయింది. ఎస్తేర్ దారం కొరికి, ముడి వేసి, లేచి వచ్చి అల్లినదాన్ని గణేష్ మెడకు చుట్టింది. నల్లటి మఫ్లరు. అంచుకు ఎర్రటి గీత. ఆ ఎరుపు ఎక్కడిదో అతను వెంటనే గుర్తుపట్టాడు. మెహిదీపట్నంలో రోడ్డు పొడుగునా సాగింది ఆ ఊలే.

"గుచ్చుకుంటున్నదా?"

"జర."

"గుచ్చుకోనీ. అడగకుండ కూసున్నందుకు."

చెప్పులు విడిచింది. గొంగడి మీద ఒక పక్కకు జరిగి కూర్చుని, మిగతా సగం చేత్తో దులిపి తలెత్తి చూసింది. "కూసుంటవా, గట్లనే నిలబడతవా?"

గణేష్ కూర్చున్నాడు.

ముత్తమ్మ కొంగు ముడి విప్పింది. బెల్లం ఆమె ఇంటి నుంచే తెచ్చుకుంది.